పిల్లికి ఎఫ్.ఐ.వి. సోకినదని తేలినప్పుడు

మనుష్యుల రోగములను గూర్చి వ్రాయుట ఈ పుటల ఆచారము. ఈ మాసము పిల్లికి వచ్చు ఒక రోగమును గూర్చి వ్రాయదలచినాను. అందుకు కారణమున్నది. పూర్వము మా నాతవరము వంటి ఊళ్ళలో పిల్లి ధాన్యపు గాదె దగ్గర తిరుగు జంతువు. ఎలుకలను పట్టినంతకాలము ఉండును. ఒకనాడు కనబడకుండా పోవును. ఏమైనదని అడుగువారు ఉండరు. నేడు పిల్లి ఇంటిలోపలికి వచ్చినది. పిల్లల ప్రక్కన పడుకొనుచున్నది. దానికొక పేరున్నది, టీకాల కార్డున్నది. జబ్బు చేసినప్పుడు దానిని బుట్టలో పెట్టుకొని నర్సీపట్నమునకో, అనకాపల్లికో, విశాఖపట్నమునకో ప్రయాణమగు కుటుంబములను నేనెరుగుదును.

అట్లు తీసికొనిపోయిన చోట రక్తపరీక్ష చేసి "మీ పిల్లికి ఎఫ్.ఐ.వి. ఉన్నది" అని చెప్పినప్పుడు ఇంటిల్లిపాదికిని మొదట మనస్సునకు తోచునది ఎయిడ్స్ అను మాట. ఆ భయములో గృహస్థులు రెండు పొరపాట్లు చేయుచుందురు. కొందరు పిల్లిని ఊరవతల వదలివేయుదురు. మరికొందరు ప్రేమకొద్దీ వంటింటిలోను, మందుల డబ్బాలోను ఉన్నవన్నియు దానికి పట్టింతురు. మొదటిది పిల్లిని మెల్లగా చంపును; రెండవది ఒక్క రాత్రిలో చంపగలదు. ఈ రెండింటినుండి పాఠకులను తప్పించి, చేయదగినదేదో చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ప్రయోజనము.

వ్యాధి స్వరూపము

ఎఫ్.ఐ.వి. అనగా ఫెలైన్ ఇమ్యునోడెఫిషియెన్సీ వైరస్. పిల్లులలో రోగనిరోధకశక్తిని క్షీణింపజేయు వైరస్ అని దాని అర్థము. 1986లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున పెటలూమా అను పట్టణములో, అనేక పిల్లులను సాకుచున్న ఒక చోట, కొన్ని పిల్లులు ఒకదాని వెంట ఒకటి చిక్కి శల్యమగుట కనబడినది. అప్పటికే తెలిసియున్న లుకేమియా వైరస్ వానిలో లేదు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో మొదలగువారు ఆ పిల్లులనుండి క్రొత్త వైరస్‌ను వేరుచేసి 1987లో 'సైన్స్' పత్రికలో ప్రకటించినారు. మనుష్యులలో హెచ్.ఐ.వి.ని గుర్తించినది 1983లో. అనగా రెండును ఇంచుమించుగా ఒకే కాలమున బయటపడినవి. రెండును లెంటీవైరస్ అను ఒకే కుటుంబమునకు చెందినవి. లాటిన్ భాషలో ఆ పదమునకు 'మందగతి గలది' అని అర్థము. పేరుకు తగినట్లే ఇది సంవత్సరముల తరబడి శరీరములో అణగియుండి, రక్తమునందలి తెల్లకణములను కొంచెము కొంచెముగా తినివేయును.

అయితే కుటుంబము ఒకటైనంత మాత్రమున స్వభావము ఒకటి కాదు. ఎఫ్.ఐ.వి. మార్జాలజాతికే పరిమితమైనది. ఆఫ్రికాలోని సెరెంగెటి సింహములలోను, అమెరికా ఖండములోని ప్యూమాలలోను దీని జ్ఞాతులైన వైరస్‌లు ఉన్నవి. మనిషికి ఇది సోకదు. కుక్కకు సోకదు. ఆవునకు, గేదెకు సోకదు. పిల్లి కరచినను, గీరినను, ముఖము నాకినను ఎఫ్.ఐ.వి. మనకు రాదు. ఈ ఒక్క వాక్యమును ఇంటిలోని పెద్దలకు మొదట చదివి వినిపించవలెను. తక్కిన మాటలు అటుపిమ్మట వారి చెవికెక్కును.

వ్యాధి మూడు దశలుగా నడచును. సోకిన కొన్ని వారములకు కొద్దిపాటి జ్వరము, గొంతు వద్దను గజ్జలలోను బిళ్ళలు ఉబ్బుట, మందకొడితనము కనబడవచ్చును. చాలమంది దీనిని గమనింపనే గమనింపరు. తరువాతిది నిశ్శబ్దదశ. పిల్లి తినును, ఆడును, ఎలుకను పట్టును. చూచుటకు ఏ లోపమును ఉండదు. ఈ దశ సంవత్సరముల కొలది సాగును. కొన్ని పిల్లులు ఈ దశలోనే పూర్ణాయువు గడపి, వార్ధక్యముచేతనో వేరొక కారణముచేతనో మరణించును. మూడవది క్షీణదశ. నిరోధకశక్తి తరిగిపోయి, ఆరోగ్యవంతమైన పిల్లి సులభముగా తట్టుకొను చిన్న చిన్న అంటురోగములే దీనిని పీడించును. చిగుళ్ళు వాచి ఎర్రబడుట, నోటి దుర్గంధము, మానని పుండ్లు, విడువని జలుబు, విరేచనములు, శరీరము కృశించుట ఈ దశలోని ముఖ్య లక్షణములు.

ఎట్లు సోకును? ఎట్లు సోకదు?

ఈ వైరస్ ముఖ్యముగా లాలాజలములో ఉండును. లోతైన కాటు ద్వారా ఒక పిల్లినుండి మరొక పిల్లి రక్తములోనికి చేరును. అందుచేత రాత్రులు గోడలు దూకి తిరుగుచు, హద్దుల కొరకును ఆడపిల్లుల కొరకును పోట్లాడు గండుపిల్లులకే ఇది ఎక్కువగా వచ్చును. తల్లినుండి కూనలకు వచ్చుట కలదు గాని అంత తరచు కాదు. ఒకే గిన్నెలో తినుట, ఒకదానినొకటి నాకుకొనుట, ఒకే చోట పడుకొనుట వలన సోకు అవకాశము మిక్కిలి తక్కువ. శరీరము వెలుపల ఈ వైరస్ ఎక్కువసేపు బ్రతుకజాలదు. సామాన్యమైన సబ్బునీటికే నశించును.

కాబట్టి ఇంటిలో రెండు మూడు పిల్లులు స్నేహముగా కలసియున్నచో, ఒకదానికి వ్యాధి ఉన్నదని తక్షణమే విడదీయనక్కరలేదు. తక్కినవానికి కూడ పరీక్ష చేయింపవలెను. తరచు రక్తము వచ్చునట్లు పోట్లాడుకొనునవైనచో వేరు వేరు గదులలో ఉంచవలెను. క్రొత్త పిల్లిని తెచ్చి కలపకుండుట మంచిది.

పరీక్ష ఫలితమును ఎట్లు గ్రహింపవలెను?

పశువైద్యులు రెండు మూడు చుక్కల రక్తముతో అప్పటికప్పుడే చేయు పరీక్షలో చూచునది సాధారణముగా వైరస్‌ను కాదు. వైరస్‌కు ఎదురుగా శరీరము తయారుచేసికొనిన ప్రతిరక్షకములను. దీనివలన మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను.

ఒకటి. ఆరు మాసముల లోపు కూనకు 'ఉన్నది' అని వచ్చినచో అది తల్లి పాలతో వచ్చిన ప్రతిరక్షకముల వలన కావచ్చును. కూనకు నిజముగా వ్యాధి లేకపోవచ్చును. ఆరు మాసములు నిండిన పిమ్మట మరల పరీక్ష చేయింపవలెను. తొందరపడి కూనను పారవేసిన ఇండ్లలో అనేకము ఆరోగ్యవంతమైన కూననే పారవేసియుండును.

రెండు. పిల్లి నిన్ననో మొన్ననో కరువబడినచో నేడు చేసిన పరీక్షలో 'లేదు' అని రావచ్చును. ప్రతిరక్షకములు ఏర్పడుటకు కొన్ని వారములు పట్టును. కాటు పడిన 60 రోజుల తరువాత మరల చూపించిననే నిశ్చయము.

మూడు. ఆరోగ్యముగా కనబడు పిల్లికి 'ఉన్నది' అని వచ్చినప్పుడు ఒక్క పరీక్షతో తీర్మానింపక, మరొక విధమైన పరీక్షతో రూఢి చేసికొనవలెను. 2002లో అమెరికాలో ఈ వ్యాధికి ఒక టీకా వచ్చినది. తరువాత అక్కడ దాని తయారీ ఆగిపోయినది. ఆ టీకా పొందిన పిల్లికి కూడ ప్రతిరక్షకముల పరీక్షలో 'ఉన్నది' అనియే వచ్చును. విదేశమునుండి పిల్లిని తెచ్చుకొనినవారు ఈ సంగతి పశువైద్యునికి చెప్పవలెను.

సాధ్యము, అసాధ్యము, యాప్యము

వ్యాధి పేరు వినగానే గృహస్థు అడుగు ప్రశ్న ఒక్కటే: "నయమగునా, కాదా?" గురుకులములో మాకు నేర్పిన వర్గీకరణ ఇచ్చట అక్కరకు వచ్చును. ఆయుర్వేదము వ్యాధులను నయమగునవి, కానివి అని రెండుగా మాత్రమే విభజింపలేదు. నడుమ యాప్యము అని ఒకటున్నది. యాప్యవ్యాధి సమూలముగా పోదు. అట్లని వెంటనే ప్రాణము తీయదు. తగిన ఆహారవిహారములతో, నిత్యజాగరూకతతో దానిని అదుపులో ఉంచి ఆయుర్దాయమును నడపుకొని పోవచ్చును. సుశ్రుతాచార్యులు దీనిని పడబోవు ఇంటికి సరిగా నిలిపిన ఆసరా స్తంభముతో పోల్చినారు. స్తంభము ఇంటిని క్రొత్తది చేయదు. కాని అది ఉన్నంతకాలము లోపలివారు ఆ ఇంటిలోనే వండుకొని తినవచ్చును, నిద్రింపవచ్చును.

పిల్లికి వచ్చు ఎఫ్.ఐ.వి. యాప్యవ్యాధి. దీనిని నిర్మూలించు మందు అల్లోపతిలో లేదు, ఆయుర్వేదములోను లేదు. ఉన్నదని ఎవరైనను చూర్ణమో లేహ్యమో అమ్మజూపినచో నమ్మవలదు. పశువైద్యులు కొన్ని సందర్భములలో, ముఖ్యముగా నోటిపూత ఎక్కువైనప్పుడు, మనుష్యుల హెచ్.ఐ.వి.కి వాడు జిడోవుడిన్ అను మందును ఇచ్చుటయు కలదు. అది రక్తహీనతను కలిగింపగలదు గనుక రక్తపరీక్షలు చేయించుచు వారి పర్యవేక్షణలోనే వాడవలెను. తక్కిన చికిత్స అంతయు వచ్చిన అంటురోగమును వచ్చినప్పుడే పట్టుకొని మాన్పుటయే. దానికి తోడు కావలసినది పథ్యము.

ఒక ఇంటి అనుభవము

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట ఐదేండ్ల గండుపిల్లి ఉండెడిది. దాని పేరు పండు. మాటిమాటికి పోట్లాడి వచ్చి, మెడమీదను తోకమొదటను చీముగడ్డలు తెచ్చుకొనెడిది. నోరు కంపు కొట్టుచు, తిండి దగ్గరకు వచ్చి వాసన చూచి వెనుకకు పోవుచుండగా విశాఖపట్నము తీసికొనిపోయినారు. ఎఫ్.ఐ.వి. అని తేలినది. ఆ సాయంకాలమే ఉపాధ్యాయులు మా ఇంటికి వచ్చి, "వైద్యులుగారూ, మనవడు పాకుతున్నాడండి. దాన్ని తాండవ అవతల వదిలేసి రమ్మని పాలేరుతో చెప్పాను. మీరేమంటారు?" అని అడిగినారు. ఆయన వెంట వచ్చిన ఇల్లాలు గుమ్మము వద్దనే నిలబడి, "అక్కడ దానికి అన్నమెవరు పెడతారండీ? ఐదేళ్ళు మన చేతి కూడు తిన్నది" అన్నది.

పిల్లిని చంపిన పాపము బంగారు పిల్లిని దానమిచ్చిననే గాని పోదని మన ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. ఆ మాటకు జడిసి పిల్లిమీద చేయి చేసికొననివారు సైతము దానిని గోనెసంచిలో కట్టి ఏటి అవతల వదలివచ్చుటకు సంకోచింపరు. ఫలితములో భేదమెంత? తెలియని చోట పడిన రోగపు పిల్లి తిండికై అచ్చటి పిల్లులతో పోరాడును. ప్రతి కాటుతోను వ్యాధిని పంచును. చివరకు ఆకలితోనో, కుక్కల నోటనో పోవును. మనవనికి ఆ పిల్లి వలన ఎఫ్.ఐ.వి. రాదు గనుక పంపివేయుట వలన బిడ్డకు కలుగు లాభమును ఏమియు లేదు. ఈ మాటలే వారితో చెప్పినాను. మందు ఏదియు ఇవ్వలేదు.

వారు పశువైద్యుని చేత పండుకు వృషణములు తొలగించు ఆపరేషన్ చేయించినారు. చెడిపోయిన పండ్లు తీయించినారు. పెరటి వసారాకు ఇనుప జాలి కొట్టించినారు. మొదటి పది రాత్రులు అది జాలి వద్ద కూర్చుండి అరచినది. ఆ ఇల్లాలు కూడ దానితోపాటు మేలుకొన్నది. పిమ్మట అరపు మానినది. పండ్లు లేకున్నను మెత్తని తిండిని సుఖముగా తినసాగినది. మూడేండ్లు గడచినవి. ఆ మనవడు ఇప్పుడు బడికి పోవుచున్నాడు. పండు వసారాలోనే ఉన్నది.

మన ఇంటి మందులు పిల్లికి ఏల పనికిరావు?

ఈ భాగమును పాఠకులు విశేషశ్రద్ధతో చదువవలెనని ప్రార్థన. మనకు ఔషధమైనది పిల్లికి విషము కావచ్చును. మన శాస్త్రములో సాత్మ్యము అను గొప్ప మాట ఉన్నది. ఏ ప్రాణికి ఏది ఒడలికి సరిపడునో అది దానికి సాత్మ్యము. పాలకాప్యుడు ఏనుగులకు, శాలిహోత్రుడు గుఱ్ఱములకు ప్రత్యేకముగా వైద్యము చెప్పినారన్న సంప్రదాయమే ఒక్కొక్క జంతువునకు ఒక్కొక్క వైద్యము వలయునని చాటుచున్నది. నేను చదివిన గ్రంథములలో పిల్లికి ఎఫ్.ఐ.వి. వంటి వ్యాధికి యోగము లేదు. మనుష్యుల యోగమును మోతాదు తగ్గించి ఇచ్చినంత మాత్రమున అది పిల్లి మందు కాజాలదు. పిల్లి కాలేయములో కొన్ని పదార్థములను విరిచి బయటకు పంపు శక్తి సహజముగానే బహు తక్కువ. ఆ కారణముచేత ఈ క్రిందివానిని పిల్లికి దూరముగా ఉంచవలెను.

1. పారాసిటమాల్. క్రోసిన్, డోలో వంటి జ్వరపు బిళ్ళ ఒక్కటి పిల్లి ప్రాణము తీయగలదు. చిగుళ్ళు గోధుమరంగుకు మారి, ముఖము ఉబ్బి, ఊపిరి అందక చనిపోవును. అరబిళ్ళయైనను, పావుబిళ్ళయైనను ఇవ్వరాదు.

2. వెల్లుల్లి, నీరుల్లి. మనకు వెల్లుల్లి రసాయనము. పిల్లికి రెండును రక్తకణములను పగులగొట్టును. మనము తిని మిగిల్చిన కోడికూర, చేపల పులుసు పెట్టుట కూడ ఇందుచేతనే తగదు.

3. కర్పూరము, నీలగిరి తైలము, నొప్పుల బామ్‌లు, వేపనూనె. పైపూతయే గదా అనరాదు. పిల్లి తన ఒడలిని నాకి శుభ్రపరచుకొనును. పూసినదంతయు కడుపులోనికే పోవును.

4. ఫినాయిల్. జబ్బు అనగానే ఇల్లంతయు ఫినాయిల్‌తో కడుగుట మన అలవాటు. తడి నేలమీద నడచిన పిల్లి పాదములు నాకుకొని విషము పాలగును. ఈ వైరస్‌కు సబ్బునీరు చాలునని పైన చెప్పియున్నాను.

5. కుక్కలకు పూయు పేలమందులు. వానిలో పెర్మెత్రిన్ ఉన్నచో పిల్లికి వణుకు, మూర్ఛ కలిగి ప్రాణాపాయము వచ్చును. పిల్లులకని తయారైనదే వాడవలెను.

6. భస్మములు, రసౌషధములు. వీనిని పిల్లికి ఇచ్చుట సాహసము.

తిప్పతీగ, అశ్వగంధ, ఉసిరిక వంటివి బలము కలిగించును గదా, ఇవ్వవచ్చునా అని పలువురు అడుగుచుందురు. ఇవి పిల్లులలో ఈ వైరస్‌ను అణచునని నిరూపణ కాలేదు. నేను ఇవ్వను, ఇమ్మని చెప్పను. వైద్యునకు ఔషధము తెలిసియుండుట ఎంత ముఖ్యమో, దానిని ఎచ్చట ఆపవలెనో తెలిసియుండుటయు అంత ముఖ్యము.

కాటు పడి చీముగడ్డ లేచినప్పుడు పసుపు నూనెతో కలిపి దట్టముగా మెత్తి కట్టు కట్టుట కూడ వలదు. పైన మూసికొనిపోయి చీము లోపల నిలుచును. పశువైద్యుడు కోసి శుభ్రపరచి, తగిన యాంటీబయాటిక్ ఇచ్చిననే మేలు.

లంఘనము పిల్లికి తగదు

జ్వరమునకు, అజీర్ణమునకు లంఘనము చేయించుట మనకు పరమౌషధము. "ఒక పూట మాడితే అదే తగ్గుతుంది" అని పిల్లి విషయములో ఊరకుండువారు అనేకులు. ఇది ప్రమాదకరము. పిల్లి రెండు మూడు దినములు తినకున్నచో, అందును కొంచెము బొద్దుగా ఉన్నదైనచో, శరీరములోని కొవ్వు కరగివచ్చి కాలేయములో పేరుకొని, కామెర్లు కమ్మి, ప్రాణము మీదికి వచ్చును. ఒక దినము పూర్తిగా తినకున్ననే పశువైద్యునకు చూపించవలెను. ఎఫ్.ఐ.వి. ఉన్న పిల్లి తినకుండుటకు తరచు కారణము ఆకలి లేకపోవుట కాదు, నోటినొప్పి. గిన్నె దగ్గరకు ఆత్రముగా వచ్చి, ఒక ముద్ద పట్టి, వదలి, పంజాతో మూతిని తడుముకొనుచున్నచో పండ్లు, చిగుళ్ళు చూపించవలెను.

ఆహారము

పిల్లి స్వభావముచేత మాంసాహారి. ఇది రుచికి సంబంధించిన విషయము కాదు, దేహనిర్మాణమునకు సంబంధించినది. టారిన్ అను పదార్థమును పిల్లి శరీరము చాలినంతగా తయారుచేసికొనలేదు. అది మాంసమునుండియే రావలెను. టారిన్ లోపించిన పిల్లికి కంటిలోని నేత్రపటలము చెడునని 1975లోను, గుండె కండరము బలహీనమై ఉబ్బునని 1987లోను శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. ఈ రెండవది కూడ డేవిస్ విశ్వవిద్యాలయము వారి పరిశోధనయే. కాబట్టి ఏండ్ల తరబడి పెరుగన్నము, పాలన్నము మాత్రమే పెట్టుట పిల్లిని పస్తులుంచుటతో సమానము. ఎఫ్.ఐ.వి. ఉన్న పిల్లికి ఆ లోపము మరింత చేటు. పెద్ద పిల్లులలో పెక్కింటికి పాలు సరిగా అరుగవు, విరేచనములు పట్టుకొనును.

శాకాహార కుటుంబములవారికి ఇది ధర్మసంకటమే. వారికి నా సలహా: ఇంటిలో వండనక్కరలేదు, పిల్లులకని తయారుచేసి టారిన్ చేర్చిన పొట్లపు ఆహారము అంగడిలో దొరకును. దానిని వేరు గిన్నెలో, వసారాలో పెట్టవచ్చును. కుక్కల ఆహారము పిల్లికి సరిపోదు. మాంసాహారులైనచో ఉప్పు, కారము, ఉల్లి లేకుండ ఉడికించిన కోడిమాంసము, కోడిగుండెలు, ముళ్ళు తీసిన చేప, ఉడికిన గ్రుడ్డు పెట్టవచ్చును. ఉడికించినప్పుడు టారిన్ కొంత నీటిలోనికి దిగును; ఆ నీటిని పారబోయక అన్నముతో కలిపి పెట్టవలెను. ఇంటి తిండి మాత్రమే పెట్టువారు దానిలోని లోపములను పూరించు విధమును పశువైద్యుని అడిగి తెలిసికొనవలెను. పచ్చిమాంసము, పచ్చిచేప, పచ్చిగ్రుడ్డు, కాయని పాలు బొత్తిగా కూడవు. వానిలోని క్రిములను తట్టుకొను శక్తి ఈ పిల్లికి తక్కువ.

గృహచర్య

పిల్లిని ఇంటిలోపలనే ఉంచవలెను. పెంకుటిండ్లలో ఇది కష్టమే గాని అసాధ్యము కాదు. కిటికీలకు, వసారాకు జాలి కొట్టించిన చాలును. లోపల ఉండుట వలన రెండు లాభములు: ఈ పిల్లి ఇతర పిల్లులకు వ్యాధిని ఇవ్వదు, ఇతర పిల్లులనుండి, ఎలుకలమందు తిన్న ఎలుకలనుండి దీనికి రక్షణ కలుగును. మగదైనను ఆడదైనను పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేయింపవలెను. గండుపిల్లికి తిరుగుడు, పోట్లాట దీనితో చాలవరకు తగ్గును.

ఏడాదికి రెండుసార్లు పశువైద్యుని చేత బరువు, నోరు, రక్తము చూపించవలెను. మండల కేంద్రములలోని పశువైద్యశాలలలో ఆవులు, గేదెలు, మేకల వైద్యమే ప్రధానము. పిల్లికి రక్తపరీక్ష, పండ్ల చికిత్స కావలసినప్పుడు విశాఖపట్నము వంటి నగరమునకు పోవుటయే మేలు. రేబిస్ టీకా తప్పక వేయింపవలెను. తక్కిన టీకాలు, పాముల మందు ఏవి ఎప్పుడన్నది వారు నిర్ణయింతురు.

ఎఫ్.ఐ.వి. మనకు రాకున్నను శుభ్రత విడువరాదు. ఇసుక పళ్ళెమును ప్రతిదినము ఎత్తివేయవలెను. గర్భిణులు ఆ పని చేయరాదు. పిల్లి మలములో టాక్సోప్లాస్మా అను పరాన్నజీవి ఉండవచ్చును, అది గర్భస్థశిశువునకు హాని చేయును. పిల్లిని తాకిన చేతులను పసిబిడ్డలకు సబ్బుతో కడిగింపవలెను. పిల్లి కరచినను, రక్తము వచ్చునట్లు గీరినను ఆ చోటును ధారగా పడు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడిగి వెంటనే వైద్యునకు చూపించవలెను. అది రేబిస్ భయముచేత, ఎఫ్.ఐ.వి. భయముచేత కాదు.

మాసమునకొకసారి ఇంటిలోనే బరువు చూచుట నేర్చుకొనవలెను. త్రాసుమీద మొదట మీరు నిలబడి, తరువాత పిల్లిని ఎత్తుకొని నిలబడి, మొదటి అంకెను తీసివేసిన పిల్లి బరువు తెలియును. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గినదనగా, 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గినట్లు. చేతితో తాకి జ్వరమని భ్రమపడరాదు. పిల్లికి సహజోష్ణమే ఇంచుమించుగా 100.5నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉండును.

స్తంభము ఒరిగినప్పుడు

యాప్యము ఒకనాడు అసాధ్యమగును. ఎంత పథ్యము చేసినను పిల్లి చిక్కిపోవును. మందులకు పుండ్లు మానవు. అది తన ఒడలిని నాకుకొనుట మాని, చీకటి మూలలో ఒదుగును. అప్పుడు క్రొత్త మందుల కొరకు ఊరూరు త్రిప్పి దానిని బాధింపరాదు. నొప్పి తగ్గించు మార్గమును పశువైద్యుని అడుగవలెను. బాధ తగ్గు దారి లేనప్పుడు నిద్రలోనే కడతేర్చు ఇంజెక్షను మాట వారు ఎత్తవచ్చును. అది పాపమా పుణ్యమా అని నన్ను అడిగినవారున్నారు. ఆ నిర్ణయము ఆ ఇంటివారిది. వారు ఏది ఎంచుకొనినను తప్పు పట్టుటకు ఇతరులకు అధికారము లేదు. అంతవరకు మెత్తని పరుపు, గోరువెచ్చని ఆహారము, పరిచితమైన చేతిస్పర్శ దానికి అందునట్లు చూడవలెను.

కాని ఆ దినము పరీక్ష ఫలితము వచ్చిన నాడే రాదు. అనేక పిల్లులకు ఆ నడుమ ఏండ్లు ఉన్నవి. జాలి కొట్టించిన కిటికీ, వేళకు పెట్టు మాంసాహారము, ఏడాదికి రెండు ప్రయాణములు, మాసమునకొక తూకము, మందుల డబ్బాకు వేసిన తాళము — ఈ ఐదింటిని పాటించిన ఇంటిలో ఎఫ్.ఐ.వి. ఉన్న పిల్లి తక్కిన పిల్లులవలెనే ఎండపొడ చూచుకొని నిద్రపోవుచుండును.